బలవంతపు గాలి

నా కథంతా గాలి కథే. నాకు నాలుగు సిలిండర్లు, అన్నీ కలిపితే 1493 సీసీ. నిమిషానికి ఆరు వేల చుట్లు తిరిగేటప్పుడు ప్రతి నిమిషం నాలుగున్నర వేల లీటర్లకు కాస్త తక్కువగా గాలి నాలోంచి పోతుంది. దాన్నెవరూ లోపలికి తోయరు. పిస్టన్ కిందికి దిగుతుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి తనంతట తానే వచ్చి నిండుతుంది. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకు జనం విజయవాడ గుణదల కొండకు బారులు తీరే రోజుల్లో, తెల్లవారుజామున ఏలూరు కాలువ పక్కగా పోతుంటే నా ఊపిరి నిండుగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో అదే రోడ్డు మీద అదే ఆక్సిలరేటర్ తొక్కినా ఆ చురుకు రాదు. 20 డిగ్రీల గాలికీ 45 డిగ్రీల గాలికీ బరువులో ఎనిమిది శాతం దాకా తేడా ఉంటుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలిలో ఆక్సిజన్ తక్కువ. ఇది గుర్తుంచుకోండి, మా ఇంట్లో జరిగిన వాదమంతా దీని చుట్టూనే తిరిగింది.

నేను 2001లో గ్రేటర్ నోయిడాలో పుట్టాను. హోండా సిటీ, 1.5 వీటెక్. నంబరు ప్లేటు ఏపీ 16, అంటే కృష్ణా జిల్లా పిల్లనే. కాగితాల మీద నాలుగు తలుపుల కుటుంబ కారుని. కానీ ఆ రోజుల్లో వేగం మీద మనసున్న కుర్రాళ్ల లెక్కలో నేను స్పోర్ట్స్ కారునే. టన్ను చుట్టూ బరువు, 106 హార్స్‌పవర్. అప్పటికి మన రోడ్ల మీద మధ్యతరగతి మనిషి కొనగలిగిన కార్లలో ఆ జోడీ అరుదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద నా జాతి కార్లు పందేలకు దిగాయి. ఆ మాట ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు గర్వమే.

నాలో ఉన్న విద్య ఒకటి చెప్పాలి. గాలి వాల్వులను తెరవడానికి నా క్యామ్‌షాఫ్ట్ మీద రెండు రకాల ఎత్తులున్నాయి. మామూలు వేగంలో చిన్న ఎత్తులే పనిచేస్తాయి, పెట్రోలు ఆదా అవుతుంది. చుట్లు బాగా పెరిగాక ఇంజన్ ఆయిల్ ఒత్తిడి ఒక చిన్న పిన్నును జరుపుతుంది, రాకర్ చేతులు ఒకదానికొకటి తాళం పడతాయి, పెద్ద ఎత్తు పని అందుకుంటుంది. వాల్వులు మరింత లోతుగా, మరింత సేపు తెరుచుకుంటాయి. అప్పుడు నా గొంతు మారుతుంది. ఆ స్వరం కోసమే మా అబ్బాయి నన్ను కొన్నాడు. అతను నా రెండో యజమాని. గుణదలలోనే పుట్టి పెరిగాడు, రామవరప్పాడు రింగు అవతల ఒక ఆఫీసులో పని. వాళ్ల నాన్న విజయవాడ డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

ఆ అబ్బాయికి ఒక రోజు సూపర్‌ఛార్జర్ మీద మనసు పోయింది. బెంగళూరు నుంచి కిట్టు తెప్పిస్తారట, ఆటోనగర్‌లో బిగించి ఇస్తారట. క్రాంక్ పుల్లీ నుంచి బెల్టు, ఆ బెల్టుకు ఒక బ్లోయరు, అది గాలిని నొక్కి నాలోకి తోస్తుంది. ఒత్తిడి 0.4 బార్. ఖర్చు లక్షల్లో.

"నలభై శాతం ఎక్కువ గాలి నాన్నా. నూటయాభై దగ్గరికి పోద్ది పవరు."

ఆయన బానెట్ ఎత్తి నా వైపు చాలాసేపు చూశాడు. "గాలి తోస్తావు సరే. ఆ గాలితో పాటు వచ్చే వేడి ఎక్కడికి పోద్దిరా?"

ఆ ప్రశ్న అడిగే అర్హత ఆయనకుంది. ఆయన జీవితమంతా బలవంతపు గాలితోనే గడిచింది. మన రైళ్లను దశాబ్దాల పాటు లాగిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌కు పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. వారణాసి కర్మాగారంలో 1964 నుంచి తయారైంది. దాని ప్రాణం టర్బోలో ఉంది. పొగ గొట్టంలోంచి పోయే వేడి వాయువులే ఒక చక్రాన్ని తిప్పుతాయి, ఆ చక్రం గాలిని నొక్కి ఇంజన్‌కిస్తుంది. బెల్టుతో తిరిగే సూపర్‌ఛార్జర్‌కి ఇది దగ్గరి చుట్టం. షెడ్డులో ఇంజన్ ఆపాక టర్బో ఎంతసేపు తిరిగి ఆగుతుందో చెవి పెట్టి వినేవాళ్లట. తొందరగా ఆగిందంటే బేరింగు పట్టేస్తోందని అర్థం. టర్బో బాగుండాలంటే ఆయిల్ బాగుండాలి, ఫిల్టర్లు బాగుండాలి, నొక్కిన గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ బాగుండాలి. ఇవన్నీ ఆ ఇంజన్ గీతలు గీసిన రోజే లెక్కలో ఉన్నవి, తర్వాత ఎవరో తగిలించినవి కావు.

గాలిని తోసే ఆలోచన కారు కంటే పాతది. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో రూట్స్ అన్నదమ్ములు 1860లో బ్లోయరుకు పేటెంటు తీసుకున్నారు. అది గనుల్లోకి గాలి పంపింది, ఇనుము కరిగించే కొలిమిలో నిప్పు రాజేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, పలచని గాలిలో ఎగిరే విమానాలకు ఆ బలం అవసరమైంది. 1921 బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లు చూపించింది. మా ఇంట్లో నడిచిన వాదం ఇంగ్లండులో 1929, 30లలోనే జోరుగా నడిచింది. బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారు మామూలుగా 110 హార్స్‌పవర్ ఇచ్చేది. టిమ్ బిర్కిన్ అనే రేసరు దాని ముక్కు ముందు బ్లోయరు బిగించాడు, డొరొతీ పాజెట్ అనే ధనికురాలు డబ్బు పెట్టింది. పందెం కారులో బలం 240 దాకా పోయింది. ఆ ఇంజన్ గీసిన డబ్ల్యూ. ఓ. బెంట్లీకి మాత్రం అది నచ్చలేదు. బలం కావాలంటే ఇంజన్ పెద్దది చెయ్యండి, ఉన్నదాని గొంతులోకి గాలి కుక్కకండి అన్నది ఆయన పక్షం. 1930లో జరిగిన లె మాన్ పందెంలో బిర్కిన్ బ్లోయరు కారు మెర్సిడెస్‌ను తరిమి తరిమి పరుగెత్తించింది, చివరకు బ్లోయరు కార్లు రెండూ పందెం మధ్యలోనే నిలిచిపోయాయి. గెలిచింది బ్లోయరు లేని ఆరున్నర లీటర్ల స్పీడ్ సిక్స్. రెండో స్థానం కూడా దానిదే. అయినా ఈనాటికీ జనం గుండెల్లో ఉన్నది ఆ ఓడిన బ్లోయరే. ఇందులో న్యాయం లేదని నేననను. ఆ కారు గొంతు ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించగలను.

కాబట్టి నేను సూపర్‌ఛార్జర్‌కు శత్రువును కాను. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐని చూడండి. 1197 సీసీ టర్బో ఇంజన్, 105 హార్స్‌పవర్. నాకంటే చాలా చిన్న ఇంజన్, బలం నాతో సమానం, కింది చుట్లలో నాకంటే ఎంతో ముందు. కానీ దాని కంప్యూటరు, ఇంజెక్టర్లు, గాలి చల్లార్చే ఏర్పాటు అన్నీ టర్బోతోనే పుట్టాయి. నా పుట్టుక వేరు.

అసలు లెక్క ఒక రాత్రి ఆ అబ్బాయే కాగితం మీద వేశాడు. బయటి గాలి 45 డిగ్రీలు. ఒత్తిడిని 1.4 రెట్లు చేస్తే గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు గొట్టం కాలినట్టే. బ్లోయరు సామర్థ్యం అరవై శాతం అనుకుంటే ఆ గాలి వంద డిగ్రీలకు చేరువవుతుంది. ఒత్తిడి నలభై శాతం పెరిగినా, వేడికి పలచబడటం వల్ల నాలోకి నిజంగా ఎక్కువగా వచ్చే గాలి ఇరవై శాతమే. 106కి ఇరవై శాతం కలిపితే 127. బ్లోయరు తనను తాను తిప్పుకోవడానికి ఏడెనిమిది హార్స్‌పవర్ నా దగ్గరే తీసుకుంటుంది. ఇక వంద డిగ్రీల గాలి లోపల నొక్కుకుంటే స్పార్కు రాజేసిన మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తానే అంటుకుంటుంది, ఇంజన్ టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంది. ఆ నాకింగ్ ఆపాలంటే టైమింగ్ వెనక్కి జరపాలి, దాంతో మరికొంత బలం పోతుంది. నూటయాభై అనుకున్నది నూటపదిహేను దగ్గర తేలింది.

"ఇంటర్‌కూలర్ పెడితే?" అన్నాడు అబ్బాయి. అదీ నిజమే, నొక్కిన గాలిని చల్లార్చే ఆ పరికరం పెడితే పోయిన బలం చాలా వరకు తిరిగొస్తుంది. కానీ అది రేడియేటరుకు ముందు కూర్చోవాలి, ఏసీ కండెన్సరు పక్కన చోటు వెతుక్కోవాలి. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో మే నెలలో నిలబడినప్పుడు నా రేడియేటరుకు అందేది ఆ రెండూ వేడెక్కించి వదిలిన గాలి.

ఆటోనగర్‌లో పెద్ద మేస్త్రి నన్ను లిఫ్టు మీదికెక్కించి చూసి తన మాట తాను చెప్పాడు. లారీల ఇంజన్లు దించి ఎక్కించి చేతులు కాయలు కాచిన మనిషి. "బిగించడం పెద్ద పని కాదబ్బాయ్. పిస్టన్లు పాతవి, రింగులు పాతవి, హెడ్ గ్యాస్కెట్ అంత ఒత్తిడికి చేసింది కాదు. నీ కంప్యూటరు బయటి గాలి ఒత్తిడి వరకే లెక్కకడద్ది. అది దాటితే పెట్రోలు ఎంత పొయ్యాలో దానికి తెలవదు. ఇంజెక్టర్లు మార్చాలి, పంపు మార్చాలి, క్లచ్ మార్చాలి. అంతా మార్చాక నీ కారులో నీ కారు ఎంత మిగులుద్దో చూసుకో."

ఆయన పెట్రోలు సంగతి కూడా ఎత్తాడు, అది నాకు బాగా తగిలింది. సాధారణ పెట్రోలు ఒక కిలో కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. దానికి 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి నేను ఎక్కువ ఇంధనం పొయ్యాలి. నాకింగ్‌ను తట్టుకోవడంలో ఆ ఇంధనం మేలే, కానీ నా కాలం నాటి రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్ కోసం చేసినవి కావు. ముందు వాటిని చూసుకోవాల్సిన కారు మీద ఒత్తిడి పెంచాలని చూడటం నాకు భయం కలిగించింది. దాచుకోను, భయమే.

చట్టం సంగతి వాళ్ల నాన్న తెచ్చాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసిపెట్టారు. పదిహేనేళ్లు దాటిన నేను ఐదేళ్లకోసారి రెన్యువల్ కోసం అధికారి ముందు బానెట్ ఎత్తుకుని నిలబడాల్సిన దాన్ని. ప్రమాదం జరిగితే బీమా సంస్థ మొదట చూసేది కూడా ఈ మార్పులనే.

"నువ్వు వేగంగా పోవాలనుకోవడం తప్పు కాదు," అన్నాడాయన. "ఆగడం గురించి ఆలోచించావా? ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. వందలో ఆపేదానికంటే నూట ఇరవైలో ఆపేటప్పుడు బ్రేకుల మీద పడే భారం నలభై నాలుగు శాతం ఎక్కువ. నిడమానూరు దగ్గర హైవే మీదికి గేదెలొస్తాయి. నీకు తెలుసు."

అబ్బాయి ఆ రోజు జవాబు చెప్పలేదు. కిట్టు వాళ్లకు మాత్రం వద్దని కబురు పెట్టాడు. పక్కనబెట్టిన డబ్బులో కొంతతో నన్ను మళ్లీ నేనుగా చేసే పని మొదలుపెట్టాడు. రేడియేటరు కొత్తది పడింది. ఇంధనపు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేశారు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వాల్వు సందులు కొలిచి సరిచేశారు. ఆక్సిజన్ సెన్సారు మార్చారు. బ్రేకు ద్రవం, ప్యాడ్లు, వెనక షూలు కొత్తవి. ఇంజన్ మౌంట్లు మార్చాక నాకే ఆశ్చర్యమేసింది. నాలో అరిగిపోయింది బలం కాదు, ఆ బలాన్ని చక్రాల దాకా తీసుకుపోయే దారి.

ఆ తర్వాత అతను నన్ను ఇరుంగట్టుకోట్టై తీసుకెళ్లాడు. ట్రాక్ మీద పై చుట్ల దాకా వదిలినప్పుడు ఆ పిన్ను జరిగింది, తాళం పడింది, పెద్ద ఎత్తు పని అందుకుంది. గాలిని ఎవరూ తోయలేదు. నేనే పీల్చాను. మలుపుల్లో మాత్రం టైర్లు గోల చేశాయి, పట్టు చాలడం లేదు.

ఇప్పుడు ఇంట్లో చర్చ ఆ టైర్ల మీదికి మళ్లింది. కంపెనీ ఇచ్చిన సైజే వెయ్యాలని నాన్న, ఒక సైజు వెడల్పువి కావాలని కొడుకు. వెడల్పు పెరిగితే స్టీరింగు బరువెక్కుతుంది, మైలేజీ తగ్గుతుంది, మలుపులో పట్టు పెరుగుతుంది. ఈసారి నేను కొడుకు పక్షం. ఆదివారం ఇద్దరూ ఆటోనగర్ వెళ్లి, వెడల్పు టైరు నా మడ్‌గార్డు లోపల రాసుకోకుండా పడుతుందో లేదో పెద్ద మేస్త్రి చేత కొలిపించబోతున్నారు.