చెట్టుకు ఎక్కాలు

హైదరాబాదులో చెట్టుకు చట్టముంది. పేరు వాల్టా, పుట్టింది 2002లో. అనుమతి లేకుండా గొడ్డలి ఎత్తకూడదు. కొట్టదలిచినవాడు దరఖాస్తు పెట్టాలి, రుసుము కట్టాలి, బదులుగా మొక్కలు నాటాలి. అన్నీ మనిషికి చేతనైన పనులే. చెట్టు చేయాల్సింది ఒక్కటే, పడిపోవడం.

ఈ బదులు లెక్కలో ఢిల్లీ మనకన్నా ఉదారం. అక్కడ ఒకటికి పది. మూడంతస్తుల మేడ కూల్చి, యజమాని చేతిలో పది ఇటుకలు పెట్టి, ‘తొమ్మిది ఎక్కువే ఇచ్చాం, రసీదు మీద సంతకం పెట్టండి’ అన్నట్టు. మొక్కకు వేలెడంత కాండం, నాలుగాకులు. రిజిస్టరులో మాత్రం మర్రికీ దానికీ చెరొక గీతే.

మథుర దగ్గర 454 చెట్లను అనుమతి లేకుండా నరికిన కేసులో సుప్రీంకోర్టు 2025లో చెట్టుకు లక్ష చొప్పున జరిమానా ఖాయం చేసింది. అంత పచ్చదనం మళ్లీ రావాలంటే కనీసం నూరేళ్లు పడుతుందనీ చెప్పింది. గజం లక్ష దాటిన మన పేటల్లో బిల్డర్లు ఈ వార్త చదివి బెదిరిపోతారనుకున్నాను. లక్షకు గజం కూడా రాదు, మర్రి మానైతే ఎన్ని గజాలు ఖాళీ అవుతాయో వాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

అనుమతి గొడవ వద్దనుకునేవాళ్లకు వేరే దారుంది. షాపు బోర్డుకు వేప అడ్డమొస్తే నరకడమెందుకు? మొదలు చుట్టూ బెరడు ఒలిచి ఊరుకుంటే చాలు. కొన్నాళ్లకు అదే ఎండుతుంది. ‘ఎండిన చెట్టు సార్, ఎవరి మీదైనా పడితే?’ అని ప్రజాక్షేమం కోరి అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక నాటడం. 2015లో హరితహారం మొదలైనప్పుడు రాష్ట్రమంతటికీ లక్ష్యం 230 కోట్ల మొక్కలు. అంకె అంత పెద్దదైతే తొందరగా ఎదిగేదే కావాలి కదా, కోనోకార్పస్ వచ్చింది. మేక ముట్టదు, ఏడాదికే ఫొటోకు అందుతుంది. తర్వాత అదే వద్దన్నారు. వేయడానికొక ఉత్తర్వు, మానడానికొక ఉత్తర్వు. ఫైలు మాత్రం పచ్చగా ఉంది.

మా వీధిలో నాటిన మొక్క సరిగ్గా కరెంటు తీగ కింద ఉంది. బతికితే లైన్‌మన్ కొడతాడు. చస్తే వచ్చే వానాకాలానికి కొత్త గుంత తవ్వే ఖర్చు మిగులుతుంది.