పడవలో పాయిఖానా

(బిలాస్‌పూర్ దగ్గరి గతౌరా. రిటైరైన క్యారేజీ ఫిట్టరు మావగారి ఇంటి అరుగు. ఎదురుగా కోర్బా బొగ్గు మోసుకుంటూ గూడ్సు. విశాఖ నుంచి అల్లుడు దిగాడు. పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడట. పక్కింటి ఆడిటు గుమస్తా కూడా హాజరు. ఆయన్ను ఎవరూ పిలవరు, ఆయన ఎక్కడికీ రాకుండా ఉండడు.)

అల్లుడు: మావగారూ, సర్వీసంతా రైలు లెట్రిన్లు బాగుచేశారు. మా పడవలోది కూడా మీ చేత్తోనే బిగించాలి.

మావ: రైలుదేటి బాబూ, బొక్క ఉంటే చాలు, పడింది కిందికి పోయేది. ఇప్పుడు డీఆర్‌డీవో వాళ్ల సూక్ష్మజీవుల ట్యాంకు తగిలించారు గానీ దారి మాత్రం కిందికే. మీ కుండీ ఎక్కడుంటుంది?

అల్లుడు: నీటిమట్టానికి కాస్త దిగువన.

మావ: అయితే పోవాల్సింది పోనంటుంది, పిలవనిది వచ్చి కూర్చుంటుంది.

గుమస్తా: నన్నా?

మావ: సముద్రాన్ని. పడవ అడుగున రెండు బొక్కలుంటాయి. నీళ్లు తెచ్చేది ముప్పావు అంగుళం, మురుగు పోయేది అంగుళంన్నర. రెండిటికీ వాల్వు ఉండాలి. కంచుదే కొనండి, ఇత్తడి వద్దు. ఉప్పునీరు ఇత్తడిలో జింకును తినేస్తుంది. పైకి నిగనిగలాడుతూనే ఉండి, పట్టుకుంటే బిస్కెట్టులా విరుగుతుంది.

గుమస్తా: ఇత్తడి చవక కదా!

అల్లుడు: ఇంత భయమెందుకండీ? మన విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మరో నలుగురితో కలిసి నేవీ పడవ తారిణి మీద 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి 2018 మే నాటికి భూమిని చుట్టి వచ్చేశారు!

మావ: వాళ్లు ముందు, ఒంటరిగా భూమిని చుట్టొచ్చిన దిలీప్ దొందే దగ్గర నేర్చుకుని బయల్దేరారు. మీరు ముందు కొనేసి నా దగ్గరికి వచ్చారు. సరే, మురుగు పైపు ఎలా వేయించారు?

అల్లుడు: కుండీ నుంచి తిన్నగా వాల్వుకి. వంకరలుంటే అడ్డుపడుతుందని.

మావ: కొంప మునిగింది! ఒకసారి పైపు నిండా నీరు పట్టిందా, పంపు కొట్టేవాడు లేకపోయినా సముద్రం లోపలికి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే పైపును పైకెత్తి వంచి, ఆ వంపు నెత్తిన గాలి పీల్చే చిన్న వాల్వు పెడతారు. గాలి దూరిందంటే ధార తెగుతుంది. అందులో ఉప్పు పేరుకోకుండా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి.

అల్లుడు: అయితే నీటికి జానెడు పైన వంచుతాను.

మావ: ఏ నీటికి? పడవ నిటారుగా ఉన్నప్పటి నీటికా, గాలికి ఒరిగినప్పటి నీటికా?

(అల్లుడు చల్లారిన టీ ఊదుకున్నాడు.)

మావ: ఒరిగితే ఆ జానెడూ మునుగుతుంది. పడవ నడిమధ్యకి దగ్గరగా, వీలైనంత ఎత్తున కట్టాలి. నీళ్లు తెచ్చే పైపుకైతే వంపు పంపుకీ కుండీకీ మధ్యన పెట్టాలి. పంపుకి ముందే పెట్టారా, అది నీరు మానేసి గాలి తాగుతుంది. ఇక పైపు చివర్లకి రెండేసి స్టీలు క్లిప్పులు.

గుమస్తా: అబ్జెక్షన్! ఒకటి బిగిస్తే ఆగుతుందా, ఆగదా? ఆగితే రెండోది దండగ. ఆగకపోతే మొదటిది దండగ.

మావ: ప్రతి వాల్వుకీ ఒక చెక్క బిరడా కూడా తాడుతో కట్టి ఉంచాలి. వాల్వు విరిగితే బొక్కలో కొట్టడానికి.

గుమస్తా: విరగని వాల్వుకి బిరడా! ఏ పద్దు కింద రాయమంటావు?

మావ: రెండడుగుల లోతున ఆ అంగుళంన్నర బొక్క తెరుచుకుంటే నిమిషానికి 100 లీటర్ల పైనే లోపలికొస్తుంది. ఆ పద్దు కింద.

గుమస్తా: పాయిఖానా వల్ల ఓడలు మునుగుతాయటయ్యా!

అల్లుడు: జర్మనీ జలాంతర్గామి యూ-1206కి అదే గతి పట్టింది బాబాయిగారూ. 1945 ఏప్రిల్ 14న, స్కాట్లండు దగ్గర. లోతులో ఉండగా పాయిఖానా వాల్వు తప్పుగా తిప్పారు. నీళ్లు బ్యాటరీల మీద పడి క్లోరిన్ పుట్టింది. పైకి తేలక తప్పలేదు, తేలాక విమానాలు చూశాయి.

గుమస్తా: దానికి ఎన్ని క్లిప్పులు?

మావ: అల్లుడుగారూ, అది నేర్పిన పాఠం సులువే. పని అవగానే వాల్వు మూసేయాలి. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పడవ వదిలి ఊరెళ్లేటప్పుడైతే మరీ ముఖ్యం. ఇంతకీ మీరు బయల్దేరేటప్పుడు పిడి అడ్డంగానే ఉంది కదా?

అల్లుడు: ...

మావ: అల్లుడుగారూ?

అల్లుడు: మావగారూ, విశాఖ లింకు ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్లో ఎన్నింటికి?

గుమస్తా: తత్కాల్ వద్దు, దండగ!