మిరప ముడతకో న్యాయం, మొహం ముడతకో న్యాయం

మొత్తానికి ముడతలు పోగొడతానంటూ పెప్టైడ్ సీరం ప్రత్తిపాడు దాకా వచ్చేసింది. సంతోషం. తెల్లారకముందే పత్తితీతకో మిరపకోతకో ఆటో ఎక్కే ఊళ్ళలో కూడా ఇప్పుడు ఏ ఫోను తెరిచినా అదే పాట. సూది అక్కర్లేదట, డాక్టరు అక్కర్లేదట. పడుకోబోయే ముందు నాలుగు చుక్కలు రాసుకుంటే బొటాక్స్ చేసే పనంతా అదే చేసిపెడుతుందట. 30 రోజుల్లో ముడతలు 30 శాతం మాయమట. పల్నాటి ఎండకు, నల్లరేగడి దుమ్ముకు ముఖం అప్పగించి, వయసు మీదపడటం సహజమనుకున్న మన అమ్మమ్మలు ఎంత వెర్రివాళ్ళు!

ఆ 30 శాతం ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఆర్జిరెలిన్ అనే పేరుతో అమ్ముడయ్యే ఈ పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ ముక్కలాంటి పదార్థం మీద 2002లో స్పెయిన్ నుంచి ఒక పరిశోధనాపత్రం వచ్చింది. దాన్ని తయారుచేసి అమ్మే లిపోటెక్ కంపెనీ మనుషులు ఆ పత్రం రచయితల్లోనే ఉన్నారు. పరీక్షకు ముఖం ఇచ్చిన స్త్రీలు పదిమంది. మన చేలల్లో ఒక్క కోతకు దిగే ముఠా అంతకంటే పెద్దది. పోనీ, అది పనిచేసే తీరన్నా నమ్మదగ్గదా? బొటాక్స్ నరం చివర ఉండే స్నాప్-25 అనే ప్రొటీన్‌ను తెంపేస్తుంది. దాంతో కండరానికి కబురు అందదు. ఈ పెప్టైడ్ ఆ ప్రొటీన్‌లోని ఒక ముక్కను పోలి ఉంటుంది కాబట్టి అదీ అడ్డుపడుతుందని వాదన. గాజుపాత్రలో పడుతుందేమో. కానీ బొటాక్స్‌ను సూదితో కండరంలోకి ఎక్కిస్తారు, దీన్ని చర్మం పైన రాస్తారు. 500 డాల్టన్ల బరువు దాటిన అణువు చర్మం పైపొరను దాటడం కష్టమని 2000 నుంచీ చర్మశాస్త్రంలో వాడుకలో ఉన్న లెక్క. దీని బరువు 889. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు 2015లో మృతదేహాల నుంచి తీసిన చర్మం మీద రాసి చూస్తే, 24 గంటల తర్వాత 99 శాతం కడుగుడు నీళ్ళతోనే వచ్చేసింది. లోపలి పొరలో జాడ కూడా దొరకలేదు.

ఇక సీసా మీద పెద్దక్షరాల్లో కనిపించే "10 శాతం" సంగతి. దీన్ని అంత తేలిగ్గా వదలబుద్ధి కావడం లేదు. 10 శాతం దేనిలో? పెప్టైడ్ అనుకుంటాం. కాదు, పెప్టైడ్ కలిపిన ద్రావణం. కంపెనీలకు అందే మామూలు ద్రావణంలో అసలు పెప్టైడ్ 0.05 శాతం, మిగిలినదాంట్లో అధికభాగం నీళ్ళే. దాన్ని పదో వంతుగా మళ్ళీ నీళ్ళలో కలిపితే సీసాలో ఉండేది 0.005 శాతం. అంటే 30 మిల్లీలీటర్ల సీసా మొత్తానికి ఒకటిన్నర మిల్లీగ్రాము. అందులో నాలుగు చుక్కలు, ఆ చుక్కల్లో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు పొద్దున ముఖం కడిగితే పోయేదే.

నమ్మకపోతే సీసా వెనక్కి తిప్పండి. ఒక శాతం మించినవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలని మన నిబంధన. ముందు నీళ్ళు, తర్వాత గ్లిజరిన్. అడుగున ఫినాక్సీఎథనాల్ అనే నిల్వమందు ఉంటుంది. దానికి ఒక శాతమే పరిమితి. మీ పెప్టైడ్ దాని తర్వాత కనిపించిందంటే అది ఒక శాతానికి మించి లేదన్నమాట. ఎంతుందో మాత్రం ఎక్కడా రాయరు. రాయక్కర్లేదు కూడా.

వెటకారం చాలు. ఇది మోసం. ప్రత్తిపాడులో రైతు మిరపలో పైముడతకు మందు కొంటే డబ్బా మీద ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం అని ఉంటుంది. అసలు మందు ఎంతో రాయకపోతే నేరం. పురుగు మీద పనిచేస్తుందని రుజువు చూపందే 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషనే లేదు. మొక్కకు బలమంటూ ఏళ్ళ తరబడి అడ్డూఅదుపూ లేకుండా అమ్మిన బయో మందులను కూడా 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చి, పొలంలో పనిచేసినట్టు లెక్కలు చూపమన్నారు. నకిలీలు ఆగలేదు, నిజమే. కానీ అడగడానికి ఒక అధికారి, తీయడానికి ఒక శాంపిలు ఉన్నాయి. ఆడదాని ముఖానికి రాసేదానికీ శాంపిలు తీసే అధికారి ఉంటాడు, ముందే రుజువు అడిగే నియమమే లేదు. సౌందర్యసాధనం పనిచేస్తుందని ముందుగా నిరూపించమని మన చట్టం అడగదు. మిరపాకుకున్న విలువ మనిషి ముఖానికి లేదా? పైగా, 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం శరీరం పనితీరును మార్చడానికి వాడేది మందు, రూపానికి మెరుగుపెట్టేది కాస్మెటిక్. నరాల కబురు నిజంగా ఆపుతుంటే మందుగా లైసెన్సు తెచ్చుకోవాలి. ఆపకపోతే ఆ మాట అనడం మానుకోవాలి. రెండూ కుదరవు.

"మరి వాడినవాళ్ళకు తేడా కనిపించిందిగా" అంటారు. కనిపిస్తుంది. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచి సన్నగీతలను కాసేపు పూడుస్తుంది, ఆ ఘనత పెప్టైడ్ ఖాతాలో పడుతుంది. అందుకే ఒక చెంపకు పెప్టైడ్ ఉన్న క్రీము, రెండో చెంపకు అదే క్రీము పెప్టైడ్ లేకుండా రాసి చూడాలి. మాట్రిక్సిల్ అనే మరో పెప్టైడ్‌తో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అలాగే చేసింది. 2005లో, 93 మంది మీద, 12 వారాలు. కొద్దిపాటి తేడా కనిపించింది. ఒప్పుకుందాం. కానీ అది అమ్ముకునే కంపెనీ పరీక్ష, ముఖాలన్నీ తెల్లవాళ్ళవి, ఫలితం చిన్నది. దాన్ని చూపి అన్ని పెప్టైడ్లకూ "శాస్త్రీయంగా నిరూపితం" అని ముద్ర కొట్టడం ఏ శాస్త్రం? "హాని లేదుగా, ఎవరి డబ్బు వాళ్ళిష్టం" అనేవాళ్ళకు ఒకటే జవాబు: ఇరవై రెండేళ్ళ పిల్లకు లేని ముడత చూపించి భయపెట్టి గుంజేది ఇష్టపూర్వకంగా ఇచ్చిన డబ్బు కాదు.

మరి నిజంగా పనిచేసేది ఏమిటి? చర్మాన్ని ముడతలు పెట్టేవాటిలో మొదటిది ఎండ. ఆస్ట్రేలియాలోని నాంబోర్‌లో 903 మందిని నాలుగున్నరేళ్ళు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళ చర్మం 24 శాతం తక్కువగా ముదిరింది. డాక్టరు చీటీతో వాడే ట్రెటినాయిన్ క్రీముకు ముడతల మీద 1980ల నుంచీ పరీక్షలున్నాయి. చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుని, తలా ముఖమూ తువ్వాలుతో చుట్టుకుని మిరపకోతకు దిగే ఆడవాళ్ళు ఏ సీరం కంటే ఎక్కువ శాస్త్రం ఒంటి మీద వేసుకుని వెళ్తున్నారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఈసారి "30 రోజుల్లో 30 శాతం" అని కనిపిస్తే సీసా కొనకండి, ప్రకటన ఫొటో తీసి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.