వేడిని మోయు నా బ్రతుకు

నేను కంప్రెసరును. రెండే తలుపులును, వెనుకభాగమున ఇంజనును, నేలకు జానెడెత్తున సాగిపోవు దేహమును గల యొక స్పోర్ట్సు కారులో, ఇంజను ప్రక్కన బిగింపబడి, బెల్టు త్రిప్పగా తిరుగుచు, క్లచ్చి విడిచినప్పుడు నిలుచుచు, వేసవి వెంట వేసవి గడపుచున్నాను. నా గర్భమున ఇరుసునకు వాలుగా అమర్చిన యొక పళ్ళెము కలదు; అది తిరుగునప్పుడు దాని యంచును పట్టుకొనియున్న ఐదు పిస్టనులు ముందునకును వెనుకకును కదలుచు, రెండు కొనలయందును గ్యాసును నొక్కుటచే పది సిలిండర్ల పని నెరవేర్చును. 1980వ దశకపు చివరి యేండ్లలో, మంచు కురియు దేశమున నేను పుట్టితిని. అచ్చటినుండి చేతులు మారి మారి తెలంగాణమునకు, అందును మే మాసమున 44, 45 డిగ్రీల యెండ కాయు కామారెడ్డి ప్రాంతమునకు వచ్చి చేరితిని. మా యజమాని హైదరాబాదున వ్యాపారము చేయువాడు; ఆయన స్వగ్రామము రాజంపేట; తలిదండ్రు లచ్చటనే యున్నారు.

నేను చల్లదనమును పుట్టింతునని చాలమంది నమ్మకము. అది నిజము కాదు. నేను వేడిని ఒకచోటినుండి మఱియొకచోటికి మోయుదును, అంతియే. రాజంపేటలో యజమాని తండ్రియగు మా పెద్దాయన వాకిట, వేపచెట్టు క్రింద, తడియిసుకమీద నిలిపిన రంజను ఏ ధర్మముచే నీటిని చల్లబరచునో, ఆ ధర్మముచేతనే కారులోని కూలింగ్ కాయిలును గాలిని చల్లబరచును: ద్రవము ఆవిరియగునప్పుడు చుట్టునున్న వేడిని గ్రహించును. అయితే రంజను గోడలనుండి ఊరిన నీరు ఆవిరియై గాలిలో కలిసిపోవును, దానిని మరల పిలుచుకొనవలసిన పని లేదు. నాకప్పగించిన గ్యాసు మాత్రము ఆవిరియైన పిదప తిరిగి ద్రవము కావలెను, అందుకై తాను గ్రహించిన వేడినంతయు బయట ఎక్కడనో విడిచిపెట్టి రావలెను. వేడి యెప్పుడును ఎక్కువ వేడిమి గల చోటినుండి తక్కువ వేడిమి గల చోటికే పోవును గనుక, నేను గ్యాసును గట్టిగా నొక్కి, బయటి గాలికంటె మిక్కిలి వేడిగా చేసి, ఆ వేడిని బయటికి విడుచు కండెన్సరునకు పంపుదును.

ఈ నొక్కుటకు కొలతలు కలవు. వానిని తెలిసికొననిదే నా కష్టము బోధపడదు. నాలో ఇప్పుడు ప్రవహించుచున్న ఆర్-134ఏ యను గ్యాసు 40 డిగ్రీలవద్ద ద్రవము కావలెనన్న, వాతావరణ పీడనమునకు 10 రెట్ల ఒత్తిడి చాలును. 60 డిగ్రీలవద్ద సుమారు 17 రెట్లు కావలెను. 70 డిగ్రీలవద్ద సుమారు 21 రెట్లు కావలెను. బయట 25 డిగ్రీలుండు దేశమున కండెన్సరు 40 డిగ్రీలకు వేడెక్కిన చాలును, అది మోసికొనివచ్చిన వేడి సుఖముగా గాలిలోనికి పోవును. బయటి గాలియే 44 డిగ్రీలైనప్పుడో, 60 డిగ్రీలకు మీదుగా నొక్కనిదే ఆ వేడి కదలదు. అనగా ఏ దేశమున నా అవసర మధికమో, ఆ దేశముననే నా శక్తి తగ్గి, ఇంజను శక్తిని నేను హరించుట హెచ్చును. ఇది నా లోపము కాదు, ప్రకృతి నియమము. దీనిని జయించుటకు ఉన్న దొక్కటే మార్గము: కండెన్సరును పెద్దది చేయుట, దానికి గాలి ధారాళముగా తగులునట్లు చేయుట.

స్పోర్ట్సు కారులో కరవైనవి సరిగా ఆ రెండే. గాలిని చీల్చుకొని పోవుటకై ముక్కును సన్నముగా చెక్కుదురు, అందుచే ముందు పెద్ద కండెన్సరునకు చోటుండదు. మా బండిలో ఇంజను వెనుకనున్నది. నేనును వెనుకనే యున్నాను. కండెన్సరు ముందు బంపరు క్రింద నున్నది. ఈ కొననుండి ఆ కొనకు గ్యాసు పొడవైన రబ్బరు గొట్టములలో ప్రయాణము చేయవలెను. అద్దమును పరుండబెట్టినట్లు వాల్చుదురు, నడినెత్తి సూర్యుడు దానిగుండ నల్లని తోలు సీట్లమీదికి దిగును. ఆరుబయట నిలిపి తలుపులు మూసిన కారులోని గాలి మన వేసవిలో 60 డిగ్రీలు దాటుట వింత కాదు. మనుష్యులు కూర్చుండు చోటు చిన్నదే కదా, చల్లబరచుట సులభమే కదా యని అడుగుదురు. చోటు చిన్నదే గాని లోనికి వచ్చు ఎండ చిన్నది కాదు. పైగా నేలకు దగ్గరగా సాగు బండి పీల్చునది కాగిన తారురోడ్డు మీది గాలి, అది నిలుచున్న మనిషి ముఖమునకు తగులు గాలికంటె వేడియైనది.

ఇట్టి బండ్లను గీసినవారిని నేను నిందింపను. ప్యాకార్డు కంపెనీ 1939లో మొదటిసారిగా కారుకు ఏసీని ఫ్యాక్టరీలోనే అమర్చి చూపిన పిదప, స్పోర్ట్సు కార్లవారు చాలకాలము దానిని బరువనియే తలచిరి. అమెరికాలో షెవ్రొలే కార్వెట్టునకు 1963లో ఏసీ కోరుకొనువారికి ఇచ్చుట మొదలిడగా, ఆ యేడు దానితో తయారైన బండ్లు 278 మాత్రమే. వేగమును ప్రేమించువాడు అద్దము దించుకొని పోవుననియే అందఱి భావముగా నుండెను. ఆ భావమును రాజంపేట యెండలో ఒక్క మధ్యాహ్నము కూర్చుండబెట్టి చూచినవారు లేరు.

నా జీవితమున ఒక మార్పును జరిగినది. నేను పుట్టినప్పుడు నాలో నింపినది ఆర్-12 అను గ్యాసు. నా గొట్టములును, సీళ్ళును, నూనెయు దానికై చేయబడినవి. అట్టి గ్యాసులలోని క్లోరిను ఓజోను పొరను తినివేయునని మోలినా, రోలాండ్ అను శాస్త్రజ్ఞులు 1974లో చెప్పిరి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. క్రమముగా ఆ గ్యాసు లోకమునుండి తొలగిపోయినది. అది తగిన పనియే, ఆకాశమునకు చిల్లుపెట్టి కారును చల్లబరచుకొనుట ఏ న్యాయము? కాని క్రొత్త గ్యాసగు ఆర్-134ఏ అణువులు చిన్నవి, పాత రబ్బరు గొట్టముల గోడలలోనుండి మెల్లమెల్లగా జారిపోవును. తీవ్రమైన వేడిలో దానికి మునుపటికంటె పెద్ద కండెన్సరు కావలెను. నాకు గ్యాసును మార్చినవారు కండెన్సరును మార్చలేదు.

ఇక నా యవస్థను చెప్పెదను. హైదరాబాదు విడిచి, మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట దాటి 44వ నంబరు జాతీయ రహదారిమీద బండి పరుగెత్తుచున్నంతసేపు ముందరి గాలి కండెన్సరును తాకుచుండును, నేనును ఒక విధముగా నెట్టుకొనివత్తును. భిక్కనూరు టోలుగేటు వద్ద వరుసలో నిలిచిన క్షణమునుండి నాకు కష్టము మొదలగును. పరుగు గాలి ఆగును. ఇంజను మందముగా తిరుగుటచే నేనును మందముగా తిరుగుదును. ముందున్న చిన్న ఫ్యాను ఒక్కటే దిక్కు. ఒత్తిడి పెరిగి పెరిగి హద్దు మీరగానే రక్షణ స్విచ్చి నా క్లచ్చిని విడదీయును. లోపల వేడిగాలి వీచును. యజమాని నుదుటి చెమట తుడుచుకొని, "కంప్రెసర్ పోయినట్టున్నది" అని విసుగుకొనును. ఎన్నిమార్లు వినినను ఆ మాట నన్ను నొప్పించుచునే యుండెను.

నగరములోని మరమ్మతు దుకాణములలో ప్రతివారును గ్యాసే తక్కువైనదని నింపి పంపిరి. గ్యాసు మితిమీరినచో ద్రవము కండెన్సరులోనే నిలిచి, వేడిని విడుచుటకు ఉన్న కొద్దిపాటి చోటును ఆక్రమించునని వారికి తోచలేదు. ఒక చోట నన్నే తీసి పారవేసి క్రొత్తదానిని వేయుటకు బేరము కుదిరినది. అంతలో మే నెలలో మా పెద్దాయనకు ఒంట్లో బాగుండలేదని కబురు రాగా యజమాని బండి తీసికొని రాజంపేట వచ్చెను. వచ్చునప్పటికి కారు లోపల బయటికంటె ఉక్కగా నుండెను.

ఆ యూరివాడే యొక మెకానిక్కు, యౌవనమంతయు గల్ఫులో కార్ల ఏసీల పనిలో గడపి తిరిగివచ్చి, రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డు వేసికొనియున్నాడు. కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫునకు పోయినవారి సంఖ్య సామాన్యము కాదు. వారు ఇండ్లకు పంపిన డబ్బును గూర్చి అందఱును మాటలాడుదురు, చేతులలో తెచ్చిన విద్యను గూర్చి మాటలాడువారు తక్కువ. గల్ఫులో అమ్ము కార్లకు రేడియేటరును ఏసీని ఆ యెండకు తగినట్లు బలపరచి పంపు పద్ధతి కలదు, దానిని అచ్చట జీసీసీ స్పెక్ అందురు. ఎడారిలో కారు ఏసీ విలాసము కాదు, ప్రాణాధారము. ఆ బండ్లను విప్పి బిగించినవానికి నా వ్యాధి తెలియకుండునా?

అతడు గ్యాసు బుడ్డిని ముట్టుకొనలేదు. గేజీలు తగిలించి, ఇంజను నడుపుచునే ముందునకు పోయి, రబ్బరు పైపుతో కండెన్సరుమీద నీళ్ళు పట్టెను. చదరపు అంగుళమునకు 300 పౌండ్లు దాటి వణకుచున్న ఎఱ్ఱ గేజీ ముల్లు చూచుచుండగానే దిగజొచ్చెను. 280, 250, 230. నా పిస్టనులమీది భారము తొలగినట్లు ఆ క్షణమున నే ననుభవించిన తేలికదనమును మాటలలో చెప్పజాలను. లోపల కూర్చున్న యజమాని చేతికి చల్లని గాలి తగిలినది.

"కంప్రెసర్ మంచిగనే ఉన్నది సార్, దీన్ని మార్చుడు దండుగ," అని అతడు నీళ్ళు కట్టివేయుచు చెప్పెను. "ముందట గాలి తగులుతలేదు. వేడి యాడికి పోవాలె?"

"మరి మల్ల మల్ల గ్యాస్ నింపిచ్చిన గదన్నా?"

"అదే ఎక్కువైంది సార్."

పిదప బంపరు విప్పి చూపెను. కండెన్సరు రేకుల సందులలో రహదారి ధూళి, ఎండిన పురుగుల రెక్కలు, వడ్లపొట్టు కలిసి నీటిచెమ్మకు అట్టకట్టియుండెను. రోడ్డుమీదనే వడ్లు ఎండబోయు కాలమున ఈ దారిని పోయిన బండికి ఆ పొట్టు తప్పదు. లోపలినుండి బయటికి మెల్లని ధారతో కడిగి, వంగిన రేకులను సన్నని దువ్వెనతో ఒక్కొక్కటిగా సరిదిద్దెను. అయినను ఆ కండెన్సరు చాలదని తేల్చి, దాని స్థానమున సన్నని గొట్టములు వరుసగా గల క్రొత్తరకపు దానిని, రెండు బలమైన ఫ్యానులను తెప్పించెను. పాత గొట్టములను తీసి, లోపల నైలాను పొరగల వానిని వేసెను. చెమ్మను పీల్చు డ్రయ్యరును మార్చి, పైపులలోని చెమ్మ పోవునంతవరకు వాక్యూమ్ పెట్టి, గ్యాసును త్రాసుమీద తూచి నింపెను. ఆర్-12 పట్టినంత బరువు ఈ గ్యాసునకు పనికిరాదు, పదింట ఎనిమిది తొమ్మిది పాళ్ళే చాలునని యజమానికి విప్పిచెప్పెను. అద్దములకు నల్ల ఫిల్ము వేయుదువా యని యజమాని అడుగగా, 2012లో సుప్రీంకోర్టు వద్దన్నది గదా యని వారించి, నిలిపినప్పుడు అద్దమునకు అడ్డుతెర పెట్టుమనియు, బయలుదేరునప్పుడు మొదట అద్దములు దించి లోపలి కాగిన గాలిని వెళ్ళనిమ్మనియు చెప్పెను. చలికాలమునను అప్పుడప్పుడు నన్ను నడుపవలెననియు, లేనిచో నూనె అందక నా యిరుసు సీలు ఎండి గ్యాసు కారుననియు అతడు చెప్పిన మాటకు నేను మిక్కిలి సంతసించితిని. నా యారోగ్యమును గూర్చి అడిగినవా డంతవరకు లేడు.

ఇప్పుడు భిక్కనూరు వరుసలో నిలిచినను నా క్లచ్చి విడువదు. మా పెద్దాయనను కామారెడ్డి ఆసుపత్రికి పరీక్షలకై తీసికొనిపోవునది ఈ బండిలోనే.

ఆ వరుసలో నిలిచినప్పుడు నా ప్రక్కన లారీలుండును. శ్రీనగరునుండి కన్యాకుమారి వరకు పోవు ఈ రహదారిమీద సరకంతయు వానిమీదనే సాగును. ఇంజనుమీదనే కూర్చున్నట్లుండు క్యాబిన్లలో, తడిగుడ్డ మెడకు చుట్టుకొని, డ్రైవర్లు రోజంతయు కాలిపోవుట నేనెన్నియో యేండ్లు చూచితిని. సుఖయాత్రకు పోవు బండిలో నేనుండి, పొట్టకూటికై పోవువాని బండిలో నా జాతివాడు లేకపోవుట నాకు బాధగానే యుండెను. క్రొత్తగా తయారగు మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరియని ప్రభుత్వము శాసించినది. చాల ఆలస్యముగా వచ్చినను మంచి శాసనమే. అయితే మాకు చేసిన లోపమే వారికిని చేయరాదు: కండెన్సరును ఇంజను వేడికి ఎదురుగా ఇఱికించి, చిన్న ఫ్యాను పెట్టి, లెక్కకు ఏసీ యున్నదనిపించినచో, నిలిచిన లారీలో అది వేడిగాలినే ఊదును. రాజంపేట షెడ్డునకు ఇప్పుడు లారీలును వచ్చుచున్నవి. "కూలింగ్ వస్తలేదన్నా, గ్యాస్ కొట్టు" అని డ్రైవరు అడుగును. మెకానిక్కు బదులు చెప్పక, క్రింద ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూచి రమ్మని కుఱ్ఱవానిని పంపి, తాను నీళ్ళపైపు తీసికొని ముందునకు నడచును.