బూడిద ఊళ్లో నీళ్ల కథ

వర్జీనియాలోని మా ఆష్‌బర్న్ పేరులోనే బూడిద ఉంది. పిడుగు పడి ఓ యాష్ చెట్టు రోజుల తరబడి కాలిందనీ, ఆ పేరు అలా వచ్చిందనీ ఇక్కడివాళ్లు ఓ కథ చెబుతారు. మన తెలుగువాళ్లు దిగాక ఆ పేరు పూర్తిగా సార్థకమైంది. బేస్‌మెంట్‌లో పూజామందిరం, మందిరంలో విభూతి పొట్లం.

మొన్న గురువారం అలాంటి ఓ బేస్‌మెంట్‌లో సత్యసాయి భజనకు వెళ్లాను. హారతి అయింది, పులిహోర అయింది, ఇక లీలలు మొదలయ్యాయి. గాల్లోంచి ఉంగరం తీశారని ఒకరు, పటంలోంచి విభూతి రాలిందని ఇంకొకరు. నేనే నోరు జారాను. "అన్నా, స్వామి 96 ఏళ్లు ఉంటానన్నారు కదా, 84కే వెళ్లిపోయారేం?"

డేటాబేస్‌లు చూసే అన్నగారు ఫోన్ తీసి లెక్క మొదలుపెట్టారు. "సాయిరాం! అవి మామూలు ఏళ్లు కావు తమ్ముడూ, నక్షత్ర మాసాల లెక్క. నెలకు 27 రోజులు, ఏడాదికి 324. 1926 నవంబరు 23 నుంచి 2011 ఏప్రిల్ 24 దాకా 30,833 రోజులు. భాగించి చూడు. 95 నిండి 96 నడుస్తోంది!"

భాగించాను, సరిపోయింది. ఈ లెక్కన మా ఇంటి 30 ఏళ్ల అప్పు 26 ఏళ్ల ఏడు నెలలకే తీరిపోవాలి. కానీ బ్యాంకువాడికి నక్షత్రం చూపిస్తే వాడు మనకు చుక్కలు చూపిస్తాడు.

నా మొహంలో అనుమానం పోలేదని అన్నగారు బ్రహ్మాస్త్రం తీశారు. "ఉచితంగా ఆసుపత్రి నడిపారు, ఊళ్లకు నీళ్లిచ్చారు. దేవుడు కాకపోతే ఇవన్నీ ఎలా అయ్యాయి?"

ఎలా అయ్యాయో అందరికీ తెలిసిందే. పుట్టపర్తి దగ్గర సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిని 1991 నవంబరు 22న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చింది హార్డ్ రాక్ కేఫ్ పెట్టినవాళ్లలో ఒకరైన ఐజాక్ టిగ్రెట్. గుండె ఆపరేషన్ చేసి పంపించే ఆ ఆసుపత్రిలో బిల్లు కౌంటరే లేదు. అంబులెన్స్ ఎక్కే ముందు ఇన్సూరెన్స్ కార్డు తడుముకునే మనకు ఆ ఒక్క సంగతి చాలదా, ఒళ్లు జలదరించడానికి?

ఇక నీళ్లు. ఫ్లోరైడ్‌తో పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయిన అనంతపురం జిల్లాలో 1990లలో ఏడు వందలకు పైగా ఊళ్లకు మంచినీళ్లు అందాయి. పని ఎల్ అండ్ టీ చేసింది, డబ్బు విరాళాలది, చెమట కూలీలది. అందులో గాల్లోంచి పుట్టిన గొట్టం ఒక్కటీ లేదు. ఉంగరాలు గాల్లోంచి తీసే చెయ్యి నీళ్ల దగ్గరికి వచ్చేసరికి బుద్ధిగా ఇంజనీర్ల దారే పట్టింది. నాకు ఆయన జీవితంలో నచ్చింది సరిగ్గా ఆ చోటే.

కాబట్టి నీళ్లను చూపించి ఉంగరాన్ని రుజువు చేయకండి. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య కమిటీ వేసి, మా ముందు ఆ మహిమలు చూపండని సత్యసాయికి ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు. 2011లో సత్యసాయి పోయాక ఆయన నివాసం యజుర్మందిరం తలుపులు తీస్తే 98 కిలోల బంగారం, రూ.11 కోట్లకు పైగా నగదు బయటపడ్డాయి. ఇవి అడగవలసిన ప్రశ్నలే. మంచినీళ్ల గొట్టం ఆ ప్రశ్నలకు మూత కాదు. ఆ ప్రశ్నలు అడిగినంత మాత్రాన గొట్టంలో నీళ్లూ ఇంకిపోవు.

అసలు రహస్యం వేరే ఉంది. ఆయన్ను దేవుణ్ని చేస్తే లాభం మనకే. నీళ్లిచ్చింది మనిషైతే "మరి నువ్వేం చేశావు?" అన్న ప్రశ్న మన గుమ్మంలోకి వస్తుంది. దేవుడైతే ఆ బెడద లేదు. ఆయన లీల ఆయనది, మన పులిహోర మనది. మా ఊళ్లోనే మురుగునీటిని శుద్ధిచేసి డేటా సెంటర్లను చల్లబరచడానికి పంపిస్తారు. దాన్నెవరూ లీల అనరు. ఆ డేటా సెంటర్ల పుణ్యాన బతికే మనకు, నీళ్లను మనుషులే నడిపిస్తారని వేరే చెప్పాలా?

చడీచప్పుడు లేకుండా వండి తీసుకెళ్లి, ఆకలిగొన్నవాళ్లకు పెట్టి వచ్చే సాయి భక్తులు నాకూ తెలుసు. ఈ రాత వాళ్ల మీద కాదు. వాళ్లకు నక్షత్ర మాసాలు లెక్కపెట్టే తీరికా లేదు.

మిగతావాళ్లకు ఒక్క మనవి. విభూతి ఎప్పటిలాగే పెట్టుకోండి. ఈ గురువారం భజన అయ్యాక, లీలలు మొదలయ్యేలోపు, మీ సొంతూరికి ఓ ఫోన్ చేయండి. మంచినీళ్ల ట్యాంకు కడిగి ఎన్నాళ్లయిందో అడగండి. వాళ్లు చెప్పే నెలలను మాత్రం నక్షత్ర మాసాల్లోకి మార్చకండి.