సిద్ధూ తిరిగొచ్చాడు, మా ఓపెనర్ రాలేదు

1996లో ఇంగ్లండ్ పర్యటన మొదటి టెస్టు దాకా కూడా చేరకముందే నవజోత్ సింగ్ సిద్ధూ సామాను సర్దుకుని ఇంటికొచ్చేశాడు. కెప్టెన్ అజహరుద్దీన్‌తో పడలేదని పేపర్లు రాశాయి. ఎందుకు పడలేదో అజర్ చెప్పలేదు, సిద్ధూ చెప్పలేదు. నేను మాత్రం ఆ వార్త చదివిన పొద్దునే తీర్పు చెప్పేశాను. సిద్ధూ పిరికివాడు, జట్టును నడిమధ్యలో వదిలేసిన ద్రోహి. ఆ తీర్పు వల్ల సిద్ధూకు పోయిందేమీ లేదు. నాకు మాత్రం ఒక స్నేహితుడు దూరమయ్యాడు.

అప్పుడు నేను హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. అజర్ మావాడు. విఠల్‌వాడీ కుర్రాడు, ఆల్ సెయింట్స్‌లో చదివినవాడు, నిజాం కాలేజీ నుంచి వచ్చినవాడు. ఆఫ్ స్టంప్ అవతల పడ్డ బంతిని మణికట్టు తిప్పి మిడ్ వికెట్ వైపు తోసేస్తే, ఆ షాట్ మా ఊరి గల్లీల్లోంచి వెళ్లిందన్నంత గర్వంగా ఉండేది. పైగా ఆ ఏడాది మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో ప్రపంచ కప్ సెమీఫైనల్ ఓడిపోయాం. టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నందుకు దేశం దేశమంతా అజర్‌ను తిట్టింది. ఆ తిట్లు మమ్మల్నే తిడుతున్నట్టు అనిపించేది. అలాంటి సమయంలో సిద్ధూ వెళ్లిపోయాడు. అంతకు కొన్ని వారాల ముందే, మార్చి 9న, బెంగళూరులో పాకిస్తాన్ మీద క్వార్టర్ ఫైనల్లో 93 పరుగులు చేసి మమ్మల్ని సెమీస్‌కు చేర్చింది అతనే. ఆ రాత్రి నేను గొంతు పోయేలా అరిచింది అతని కోసమే. జూన్ వచ్చేసరికి అదంతా నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

మా కాలనీ జట్టుకు నేను కెప్టెన్‌ని. మా ఓపెనర్ సిద్ధూ అంటే ప్రాణం పెట్టేవాడు. స్పిన్నర్ బంతి వేయగానే ముందుకొచ్చి నెత్తి మీదుగా లేపేవాడు. సిద్ధూ వెనక్కొచ్చిన వార్త చూసి, "ఏదో జరిగుంటది రా, ఊకెనే ఎవడొస్తడు?" అన్నాడు. ఆలోచించాల్సిన మాట అదొక్కటే. నేను ఆలోచించలేదు. "నువ్వు గూడ రేపు మ్యాచ్ మధ్యల ఇడిచిపెట్టి పోతవా, మీ సిద్ధూ లెక్క?" అన్నాను, అందరి ముందూ. అక్కడితో ఆగినా బాగుండేది. కొన్నాళ్లకే జరిగిన టోర్నమెంట్‌లో జట్టులోంచి అతని పేరు తీసేశాను. ఆట సరిగ్గా ఆడటం లేదని మిగతావాళ్లకు చెప్పాను. అతనికి మాత్రం ఆ మాట కూడా చెప్పలేదు. తెల్ల బట్టలు వేసుకుని, ప్యాడ్లు పట్టుకుని గ్రౌండుకు వచ్చాడు. కాగితం మీద పేర్లు చదువుతుంటే తన పేరు రాకపోవడం అందరితో పాటే విన్నాడు. ఒక్క మాట అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. "చూసిన్రా, పోయిండు" అన్నాను నేను.

అసలు ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో 2011లో జయవంత్ లేలే పుస్తకం వచ్చాక తెలిసింది. బోర్డులో పెద్ద పదవుల్లో పనిచేసిన ఆయన ఆ గొడవ మీద విచారణ జరిపినవాళ్లలో ఒకరు. ఆయన రాసిన ప్రకారం అజర్ మాటకు ముందు ఒక ఊతపదం వాడేవాడు. సిద్ధూ దాన్ని తల్లిని తిట్టిన తిట్టుగా తీసుకున్నాడు. విచారణలో అడిగితే ఆ మాట చెప్పడానికి కూడా సిద్ధూకు నోరు రాలేదట. చివరికి మొహిందర్ అమర్‌నాథ్ చనువుగా మాట్లాడి కారణం రాబట్టాడు. ఉత్తరాదిన బూతుగా వినిపించే ఆ మాటను హైదరాబాద్‌లో దోస్తులు ప్రేమగా కూడా వాడుకుంటారని అమర్‌నాథే వివరించాడు.

అది చదివి చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ మాట నాకు కొత్త కాదు. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, బస్టాపులో నిలబడి రోజూ వింటూ పెరిగాను. పంజాబ్ నుంచి వచ్చినవాడికి అది ఎలా తగులుతుందో దేశంలో ఎవరైనా ఊహించగలిగితే అది నాలాంటి హైదరాబాదీ ఊహించాలి. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఇద్దరిలో ఒకడు తప్పక దుర్మార్గుడై ఉండాలని నేను ముందే నిర్ణయించుకున్నాను. ఇద్దరూ మంచివాళ్లయి ఉండి కూడా ఒకరినొకరు గాయపరుచుకోవచ్చన్నది నా లెక్కలో లేదు.

ఆ ఇద్దరూ ఆ గొడవను నాకంటే ముందే దాటిపోయారు. సిద్ధూ జట్టులోకి తిరిగొచ్చాడు. 1997లో వెస్టిండీస్‌లో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 201 కొట్టాడు. 1998 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియాతో టెస్టుకు మళ్లీ అజరే కెప్టెన్. సిద్ధూ, మన లక్ష్మణ్ ఇన్నింగ్స్ ప్రారంభించి 191 జోడించారు. సిద్ధూ 97, లక్ష్మణ్ 95. ఆ తర్వాత అజర్ 163 నాటౌట్. ఆస్ట్రేలియా ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. నేను టీవీ ముందు కూర్చుని ఇద్దరికీ చప్పట్లు కొట్టాను. రెండు వీధుల అవతల మా ఓపెనర్ కూడా అదే మ్యాచ్ చూస్తూ ఉంటాడు. లేచి అతనింటికి వెళ్లాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

ఇలాంటి గొడవల్లో అభిమానికి ఎప్పుడూ ఇద్దరే కనిపిస్తారు. 1984 డిసెంబరులో ఢిల్లీ టెస్టు ఓడిపోయాక, అజాగ్రత్తగా షాట్లు కొట్టారని కపిల్ దేవ్‌నూ సందీప్ పాటిల్‌నూ తప్పించారు. కెప్టెన్ గవాస్కరే కపిల్‌ను తొక్కేశాడని తర్వాతి టెస్టు జరిగిన కోల్‌కతాలో జనం రగిలిపోయారు. కెప్టెన్ మీద పండ్లు విసిరారు. 1987లో పాకిస్తాన్‌తో కోల్‌కతా టెస్టుకు గవాస్కర్ రాలేదు. కపిల్ ఆడిన 131 టెస్టుల కెరీర్లో మధ్యలో తప్పిపోయింది వేటు పడ్డ ఆ మొదటి కోల్‌కతా మ్యాచ్ ఒక్కటే. ఇన్నేళ్లుగా కపిల్ వైపా, గవాస్కర్ వైపా అనే వాదించుకుంటున్నాం. పాటిల్ మాత్రం ఆ తర్వాత ఇంకో టెస్టు ఆడలేదు. అతని కోసం గొంతు చించుకున్నవాళ్లను నేను చూడలేదు. నేనూ చించుకోలేదు, ఎందుకంటే కపిల్, పాటిల్ లేని ఆ కోల్‌కతా టెస్టులోనే మా అజర్ అడుగుపెట్టి 110 కొట్టాడు. మా సంతోషం కింద ఇంకొకడి కెరీర్ ముగిసిపోయిందని ఆలోచించే తీరిక మాకు లేదు.

లేలే పుస్తకం చదివాకైనా నాకు బుద్ధి వచ్చిందా అంటే, లేదు. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ కప్ జట్టులో అంబటి రాయుడికి బదులు విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. శంకర్ మూడు రకాలుగా పనికొస్తాడని సెలెక్షన్ కమిటీ ఛైర్మన్ ఎం.ఎస్.కె. ప్రసాద్ అన్నారు. ప్రపంచ కప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీట్ పెట్టాడు. ప్రసాద్, రాయుడు ఇద్దరూ తెలుగువాళ్లు, ఇద్దరూ ఆంధ్ర జట్టుకు ఆడినవాళ్లు. నాకు అంత చాలు. ఇది పాత పగేనని ఆఫీసు క్యాంటీన్లో గట్టిగా చెప్పాను. శంకర్ గాయపడ్డాక కూడా రాయుడిని కాదని మయాంక్ అగర్వాల్‌ను పిలిస్తే ఇంకా గట్టిగా చెప్పాను. "మీకెలా తెలుసు సార్?" అని ఒక కుర్రాడు మర్యాదగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కమిటీలో ఐదుగురుంటారు, కెప్టెన్ మాటా ఉంటుంది, ఆ గదిలో ఎవరు ఏమన్నారో నాకు ఒక్క ముక్క తెలియదు. రాయుడి బాధ నిజం. అతనికి అన్యాయం జరిగిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ బాధకు పగ అనే కథ అల్లింది నేను, సిద్ధూకు పిరికితనం అల్లినట్టే.

ఆ సాయంత్రమే మా ఓపెనర్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జట్టులోంచి తీసేసిన సంగతి, అందరి ముందు అన్న మాట, అతను వెళ్లిపోయాక అన్న మాట, అన్నీ చెప్పి క్షమించమన్నాను. "గవన్నీ ఎప్పుడో మర్శిపోయిన రా" అన్నాడు. మర్చిపోయినవాడి గొంతు కాదది. పండుగలకు ఫోన్లు చేసుకుంటున్నాం. పిల్లల చదువుల గురించి అడుగుతాడు, ఆరోగ్యం జాగ్రత్త అంటాడు. క్రికెట్ మాట మాత్రం ఎత్తడు, నేనూ ఎత్తను. సిద్ధూ, అజర్ గొడవపడ్డా మళ్లీ కలిసే ఆడారు. మేమిద్దరం మళ్లీ కలిసి ఆడలేదు, ఆ తప్పు పూర్తిగా నాది.