కొత్తగా వచ్చినోళ్లకు చెప్పకూడని సలహాలు

జూలై, ఆగస్టు నెలల్లో కాగజ్‌నగర్ బస్టాండ్‌లో పొద్దున పూట దిగే పల్లెవెలుగు బస్సుల్లో కొత్త ముఖాలు కనిపిస్తాయి. బెజ్జూరు, కౌటాల, చింతలమానెపల్లి, దహెగాం, సిర్పూర్ టౌన్ వైపుల నుంచి డిగ్రీలో చేరడానికి వచ్చిన పిల్లలు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువపత్రం, నాలుగైదు జిరాక్సులు. కాలేజీ గేటు దగ్గర వాళ్లను మొదట పలకరించేది సెకండియర్ అన్నో, థర్డియర్ అక్కో. ప్రిన్సిపాల్‌ను చూడడానికి ఇంకో వారం పడుతుంది. అప్పటికి ఆ అన్న, ఆ అక్క చెప్పిన మాటలే వాళ్లకు కాలేజీ రూల్సు.

యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. ప్రతి కాలేజీలో సీనియర్లు స్వచ్ఛందంగా మెంటర్లుగా ముందుకు రావాలి, ఆరుగురు కొత్తవాళ్లకు ఒక మెంటర్ ఉండాలి. ఆరుగురు అంటే పేర్లు గుర్తుంటాయి, ఊళ్లు గుర్తుంటాయి, ఎవరు రెండు రోజులుగా రాలేదో తెలుస్తుంది. ఎవరు రాసినా ఆ లెక్కను ఆలోచించి రాశారు.

నేను కూడా ఒకప్పుడు అలా నిలబడ్డదాన్నే. నా మీద నాకు కోపం తెప్పించే సలహాలు కొన్ని అప్పుడు నేనే చెప్పాను, కొన్ని పక్కన నిలబడి విన్నాను. ఇప్పటికీ అవే మాటలు అదే యాసలో వినిపిస్తున్నాయి. ఈ ఏడు మెంటర్లుగా నిలబడబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు వాటిని చెప్పకుండా ఉంటారని రాస్తున్నాను.

“దసరా అయినంక రా, అప్పటిదాంక ఎవ్వలు రారు.”

ఇది అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది, నిజంలా అనిపించేది. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో సీట్లు విడతలు విడతలుగా నిండుతాయి కాబట్టి మొదటి వారాల్లో సగం బెంచీలు ఖాళీగానే ఉంటాయి. కానీ హాజరు పట్టీ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తుంది. పరీక్ష రాయాలన్నా, స్కాలర్‌షిప్ రావాలన్నా 75 శాతం హాజరు కావాలి. ఆరు నెలల సెమిస్టర్‌లో రెండు నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఆ లెక్కను మళ్లీ అందుకోలేరు.

ఈ సలహా వెనక మన ప్రాంతపు కష్టం ఒకటి ఉంది. ఇక్కడ పత్తే పెద్ద పంట. దసరా, దీపావళి నడుమ పత్తి ఏరడం మొదలైతే ఇంట్లో ప్రతి చేయీ చేనులో ఉండాలి. అమ్మానాన్నలతో పాటు డిగ్రీ చదివే కొడుకు, కూతురు కూడా ఒడి కట్టుకుని సాళ్లలోకి దిగుతారు. అలాంటి పిల్లవాడితో “చదువు ముఖ్యం, రోజూ రా” అని చెప్పి పంపేస్తే అది కూడా సలహా కాదు. “ఊళ్లనే ఉండు, నేను అటెండెన్స్ వేయిస్త” అంటే అది అంతకంటే పెద్ద తప్పు. ఆ పిల్లవాణ్ని వెంటబెట్టుకుని క్లాస్ ఇన్‌చార్జి లెక్చరర్ దగ్గరికి వెళ్లాలి. ఏ వారం పని తప్పదో, ఏ రోజుల్లో రాగలడో అతనే తన నోటితో చెప్పుకోవాలి. లెక్చరర్లలో చాలామంది ఇదే నేల మీద పెరిగినవాళ్లు. పత్తి అంటే ఏమిటో వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. చెప్పకుండా మాయమైన పిల్లవాడు మాత్రం వాళ్ల లెక్కలో మానేసినవాడే.

“గా ఫారం నాకియ్యి, నేను జూస్కుంట.”

ఇది ప్రేమతో చెప్పే మాట. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

నేను మెంటర్‌గా ఉన్న ఏడు నా వంతుకు వచ్చినవాళ్లలో ఒక చెల్లె ఉండేది. ప్రాణహిత ఒడ్డు ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదివి, గురుకులంలో ఇంటర్ పూర్తి చేసి వచ్చింది. అక్కడ గంట కొడితే లేచింది, గంట కొడితే తిన్నది, గంట కొడితే పడుకుంది. ఏ కాగితం కావాలన్నా వార్డెన్ తెప్పించేది. మా కాలేజీలో గంట లేదు, వార్డెన్ లేదు. ఆఫీసు కిటికీ ముందు నిలబడి నోరు తెరవడానికే భయపడేది. నాకు జాలేసింది. ఈపాస్‌లో ఆమె స్కాలర్‌షిప్ దరఖాస్తు నేనే నింపాను. ఆమెకు సొంత ఫోన్ లేదు కాబట్టి నా నంబరు ఇచ్చాను. దరఖాస్తు నంబరు నా నోటుబుక్కు వెనక రాసుకున్నాను. ఆమె “అక్కా, నువ్వు లేకుంటే ఏమైపోతునో” అంది. ఆ మాటకు నేను పొంగిపోయాను.

మరుసటి ఏడు నేను పీజీకి వరంగల్ వెళ్లిపోయాను. సిమ్ మార్చాను. రెన్యువల్ సమయానికి ఆమె దగ్గర దరఖాస్తు నంబరు లేదు, మెసేజ్‌లు నా పాత నంబరుకు పోయాయి, ఏ కిటికీ దగ్గర ఏమడగాలో తెలియదు. ఆమెకు నా సహాయం అలవాటైంది, పని అలవాటు కాలేదు. ఆ ఏడు స్కాలర్‌షిప్ పోయింది. తప్పు ఆమెది కాదు, నాది.

ఏం చేసి ఉండాల్సింది? ఇంట్లో ఎవరిదైనా సరే, వాళ్ల ఇంటి నంబరే ఇప్పించి ఉండాల్సింది. నెట్ సెంటర్‌కు కలిసి వెళ్లి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నేను వెనక నిలబడాల్సింది. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుందని, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఏడాది ఆదాయ పరిమితి అప్పట్లో 2 లక్షలని, బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలని ఆమెకే తెలియాల్సింది. దరఖాస్తు నంబరు ఆమె నోటుబుక్కులో ఆమె చేతిరాతతో ఉండాల్సింది. నాకు పది నిమిషాల్లో అయ్యే పని ఆమెకు రెండు గంటలు పట్టేది. ఆ రెండు గంటలు ఓపిక పట్టడమే మెంటర్ పని.

నెట్ సెంటర్ విషయంలోనూ ఇదే. “వాళ్లకిస్తే వాళ్లే చేస్తరు” అని పంపించి చేతులు దులుపుకోకండి. దోస్త్‌కు ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబరు కావాలి. పిన్, ఓటీపీ ఎవరి చేతిలో ఉంటే సీటు ఎంపిక వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఏ కోర్సు పెట్టారో తెలియకుండానే చేరి, తరగతిలో కూర్చున్నాక తెలుసుకున్న పిల్లలను నేను చూశాను.

“ఇంగ్లీషుల ఇంట్రో ఇయ్యి.”

సరదాకే అంటారు. కానీ ఎవరిని అడుగుతున్నామో చూడండి. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టే నాటికి ఇది కొత్తపేట అనే ఊరు. కాగితం తయారైన తర్వాత కాగజ్‌నగర్ అయింది. మిల్లు పనికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ ప్రాంతాల్లో నిలదొక్కుకున్నాయి. చుట్టూ గోండి, కోలామి, మరాఠీ, ఉర్దూ. మన తరగతి గదిలో ఒక్కో బెంచీ మీద ఒక్కో ఇంటి భాష ఉంటుంది. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, బజారులో హిందీ మాట్లాడి వచ్చిన పిల్లను నాలుగో భాషలో నిలదీసి, తడబడితే నవ్వడం ఏ రకమైన స్వాగతం? తెలుగు మాట్లాడేటప్పుడు బెంగాలీ క్యాంపు పిల్లవాడి పలుకు వేరుగా ఉంటే, దాన్ని రోజంతా అనుకరించి చూపే అలవాటు మన దగ్గర ఉంది. అతను ఆ రోజు నవ్వుతాడు. తర్వాత తరగతిలో సందేహం అడగడం మానేస్తాడు.

చట్టం ఈ విషయంలో మెతకగా లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం తెలంగాణలోనూ అమలులో ఉంది. కొత్త విద్యార్థిని ఏడిపించడం, ఇబ్బంది పెట్టడం, అవమానించడం కూడా అందులో నేరమే. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొడితే ఏడాది వరకు జైలు. ప్రాణం పోతే, ఆత్మహత్యకు కారణమైతే యావజ్జీవం దాకా వెళ్తుంది. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే 19 ఏళ్ల విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. యూజీసీ నిబంధనలు వచ్చింది ఆ ఏడే. “ఇదంతా పెద్ద కాలేజీల ముచ్చట, మన కాగజ్‌నగర్‌ల ఏముంటది” అనే మాట కూడా తప్పుడు సలహాయే. మెంటర్‌గా మీ ఆరుగురికీ మొదటి రోజే ఇవ్వాల్సిన ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522. మీ మీదే ఫిర్యాదు చేయడానికి పనికొచ్చే నంబరును మీరే ఇస్తే వాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

“సార్ అని పిలువు, కనబడితే విష్ చెయ్యి” అనేదీ ఇదే కోవలోకి వస్తుంది. అన్నా, అక్కా అన్న పిలుపులు మన నోట పుట్టుకతోనే ఉన్నాయి. అవి చాలు.

“టికెట్ ఎందుకు? స్టూడెంట్లను టీసీ ఏమనడు.”

మంచిర్యాల, పెద్దపల్లి, కాజీపేట వైపు చదువులకు పోయే పిల్లలకు రైలే దిక్కు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు ఈ మాట తప్పక చెవిన పడుతుంది. టీసీ పట్టుకుంటే టికెట్ ధర కాక కనీసం 250 రూపాయలు అదనంగా కట్టాలి. మొదటిసారి ఊరు దాటి వచ్చిన పిల్లకు జేబులో ఉన్నదంతా అంతే కావచ్చు. విద్యార్థులకు సీజన్ పాసులో రాయితీ ఉంది. కాలేజీ నుంచి దానికి ఏ పత్రం కావాలో కనుక్కుని చెప్పండి.

“బ్యాక్‌లాగ్ పెద్ద ముచ్చట గాదు.”

పెద్ద ముచ్చటే. ఎస్సై, గ్రూప్స్, బీఈడీ అంటూ తిరిగే ప్రతి దారిలోనూ డిగ్రీ పాసై ఉండాలి. ఇంతకు మించి దీని మీద చెప్పేదేమీ లేదు.

“ఆడపిల్లవు, క్లాసులు కాంగనే ఇంటికి వో.”

ఇది అమ్మాయిలకు అమ్మాయిలే ఎక్కువగా చెబుతారు. భద్రత కోసమే అంటారు. ఫలితంగా ఎన్‌ఎస్‌ఎస్, ఆటలు, లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్, సాయంత్రం జరిగే పోటీ పరీక్షల తరగతులు అన్నీ అబ్బాయిలవి అయిపోతాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆ ఒక్క మార్పుతో బస్సు ఖర్చుకు భయపడి ఇంట్లో ఉండిపోయే కారణం తొలగింది. కానీ ఛార్జీ లేకపోయినా బస్సు ఉండాలి కదా. ఆఖరి బస్సు తప్పితే, ఊరి స్టేజీ నుంచి ఇంటికి నడిచే దారి కూడా ఆలోచించాలి.

ఆ దారి భయం ఉత్త మాట కాదు. మహారాష్ట్ర వైపు నుంచి పులులు ప్రాణహిత దాటి మన అడవుల్లోకి వస్తున్నాయి. 2024 నవంబరు చివర్లో కాగజ్‌నగర్ మండలంలోనే పత్తి చేనులో పని చేస్తున్న యువతి పులి దాడిలో చనిపోయింది. చలికాలంలో ఐదున్నరకే పొద్దు వాలుతుంది. ఇలాంటి చోట “ఆరింటి వరకు ఉండు, ఏం గాదు” అనడమూ తప్పే, “మూడింటికే వెళ్లిపో” అనడమూ తప్పే. అమ్మాయిల్లో ఎవరికి ఏ బస్సో రాసుకుని, ల్యాబ్ గంటలు మధ్యాహ్నానికి మార్చమని లెక్చరర్లను అడగండి. ఒకే దారిలో వెళ్లేవాళ్లను జతలు కట్టండి. మెంటర్ చేయగలిగినవి ఇవి.

“మగపిల్లగానివి, ఏడుస్తవా?”

మొదటి నెలలో హాస్టల్ పిల్లలు ఏడుస్తారు. అబ్బాయిలూ ఏడుస్తారు. ఏడవనివ్వండి. పక్కన కూర్చోండి. రెండు మూడు వారాలైనా తిండి, నిద్ర లేకుండా ఉంటే ఇంట్లోవాళ్లకూ లెక్చరర్‌కూ చెప్పండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయాల్సిన టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ఆ బరువంతా మీ నెత్తిన వేసుకోకండి. మీకూ పందొమ్మిది, ఇరవై ఏళ్లే.

2014లో మిల్లు ఆగిపోయి 2018లో మళ్లీ తిరిగే దాకా ఈ ఊళ్లో “చదువు మానుకో, ఏదన్న పని జూస్కో” అనేది కూడా సలహాగానే వినబడింది. ఆ నాలుగేళ్లలో ఆ మాట విన్నవాళ్లూ ఉన్నారు, వినకుండా డిగ్రీ పూర్తి చేసినవాళ్లూ ఉన్నారు. కష్టకాలంలో ఉన్న పిల్లలకు చదువు మానమని చెప్పే హక్కు తోటి విద్యార్థికి లేదు. ఫీజు గడువు పొడిగించమని, పుస్తకాలు లైబ్రరీ నుంచి ఎక్కువ రోజులకు ఇవ్వమని వాళ్లతో కలిసి అడిగే హక్కు మాత్రం ఉంది. దాన్ని వాడుకోండి.

ఈ ఏడు మీ ఆరుగురు వచ్చినప్పుడు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పేరు, ఇంట్లో మాట్లాడే భాష, ఇంటి ఫోన్ నంబరు రాసుకోండి. ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ ఒక్క మాట అడగండి: “మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నిటికి?”